పెరట్లో కుర్ర పుంజుల గొడవ: ఎన్ని ఉంచాలి, మిగతావాటిని ఏం చేయాలి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. గుంటూరులో గోరంట్ల వైపు ఇల్లు, వెనక మూడు సెంట్ల పెరడు. ఐదు పెద్ద పెట్టలు, ఒక పెద్ద పుంజు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఆషాఢంలో ఒక పెట్ట పిల్లలు చేస్తే వాటిలో నాలుగు పెట్టలు, ఐదు పుంజులు మిగిలాయి. కార్తీకం దాటేసరికి ఆ ఐదింటికీ పొగరెక్కింది. పెట్టపిల్లలు వాటికి భయపడి గోడ దిగడం లేదు. పెద్ద పెట్టల్లో రెండింటికి వీపు మీద ఈకలు పోయి చర్మం కనబడుతోంది. పుంజులు రక్తాలొచ్చేలా కొట్టుకుంటున్నాయి. నల్లది ఒకటి మీ ఆరేళ్ల బాబు మీదికి దూకుతోంది. తెల్లవారుజాము కూతలకు పక్కింటివాళ్లు విసుక్కుంటున్నారు. ‘వయసొస్తే అవే సర్దుకుంటాయి’ అని మీ మామగారు అంటున్నారు, ‘అన్నీ కోసెయ్’ అని మీ స్నేహితులు అంటున్నారు. ఎవరి మాట వినాలని మీరు అడిగారు.

మీ మామగారి మాటలో నిజం లేకపోలేదు. ఏడాది నిండేసరికి చాలా పుంజులు నెమ్మదిస్తాయి. కానీ దానికి ఇంకా ఆరేడు నెలలుంది, అప్పటిదాకా మీ పెట్టలు తట్టుకోవాలి కదా. ఒకసారి లెక్క చూడండి. తొమ్మిది పెట్టలకు ఆరు పుంజులు. మామూలుగా 8 నుంచి 10 పెట్టలకు ఒక పుంజు చాలు. అంటే మీ పెరట్లో ఐదు పుంజులు ఎక్కువ. పెట్టల వీపులు, రక్తాలొచ్చే కొట్లాటలు, కూతల గోల, ఈ మూడూ ఆ ఐదింటి వల్ల వచ్చినవే. బాబు మీదికి దూకే పుంజు సంగతి మాత్రం వేరు. దాని గురించి విడిగా చెబుతాను.

నేను విజయవాడ దగ్గర నున్న అనే ఊరి వైపు మామిడితోటలో చాలా ఏళ్లుగా నాటుకోళ్లు పెంచుతున్నాను. మధ్యలో గ్రామప్రియ, వనరాజా కూడా పెంచాను. ఏ రకమైనా ఈ వయసులో పుంజుల వరస ఒకటే.

ఆరేడు వారాలకే పుంజు పిల్ల జుట్టు, అంటే తల మీది కండ, ఎర్రబడటం మొదలవుతుంది. మూడు నెలలు దాటాక మెడ మీద, నడుము మీద సన్నగా మొనదేలిన ఈకలొస్తాయి. పెట్టలకు అవే చోట్ల గుండ్రటి ఈకలు ఉంటాయి. ఆ తర్వాత బొంగురు గొంతుతో కూత నేర్చుకుంటాయి. నాలుగు నుంచి ఐదు నెలల మధ్య ఒంట్లో హార్మోన్లు ఒక్కసారిగా పెరుగుతాయి. సమస్య అక్కడే వస్తుంది. అదే రోజు గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చిన పెట్టలు ఆ సమయానికి ఇంకా పిల్లలే. మన నాటు పెట్ట గుడ్లకు రావాలంటే ఆరేడు నెలలు పడుతుంది. గుడ్లకొచ్చిన పెట్ట అయితే పుంజు దగ్గరికి రాగానే రెక్కలు కాస్త విప్పి కింద కూర్చుని తొక్కనిస్తుంది. పెట్టపిల్లకు అది తెలియదు, పరుగెడుతుంది. పరుగెత్తేదాన్ని వెంటబడి మెడ ఈకలు పట్టుకుని లాగడం కుర్ర పుంజులకు అలవాటైపోతుంది. ఒకటి మొదలుపెడితే మిగతా నాలుగూ వస్తాయి. పెట్టపిల్లలు గోడ ఎక్కి కూర్చోవడం అందుకే. అవి రోజంతా అక్కడే ఉంటే మేత సరిగ్గా తినవు, నీళ్లు తాగవు, గుడ్లకు రావడం కూడా ఆలస్యమవుతుంది.

పెద్ద పెట్టలు కుర్ర పుంజుల్ని కొంతవరకు ఓర్చుకోవు, ముక్కుతో పొడిచి తరుముతాయి. ముదురు పుంజు ఉన్న మందలో అదీ అదిలిస్తుంది. కుర్రవాటికి మర్యాద నేర్పేది ఈ పెద్దలే. కానీ ఒక పుంజు ఐదింటిని ఎంతసేపని కాస్తుంది? ఒకదాన్ని తరుముతుంటే వెనక నుంచి ఇంకోటి వచ్చి పెట్టను తొక్కేస్తుంది. మీ పెట్టల వీపులు చూస్తే మీ దగ్గర జరుగుతున్నది అదేనని తెలుస్తోంది.

ఇక మీరు చూస్తున్న వాటిలో ఏది మామూలు, ఏది ప్రమాదం అనేది తెలియాలి. లేకపోతే ప్రతి చిన్నదానికీ కర్ర పట్టుకుని పరుగెత్తాల్సి వస్తుంది. పుంజు ఒక రెక్క కిందికి దించి, నేలను రాస్తూ పెట్ట చుట్టూ పక్కవాటంగా తిరిగిందంటే అది పెట్టను పిలవడం. అందులో గొడవేం లేదు, అలా చేసే పుంజు బుద్ధి నేర్చుకుంటున్నట్టే. ఏదైనా పురుగో గింజో దొరికితే తినకుండా, ముక్కుతో ఎత్తి కింద పడేస్తూ ‘టుక్ టుక్ టుక్’ అని పెట్టల్ని పిలిచే పుంజు ఇంకా మంచిది. అదే మెడ ఈకలు గొడుగులా విప్పి, తల నేలకు దించి ఎదురెదురుగా నిలబడితే అది కుస్తీకి సిద్ధం. రెండు పుంజులు అలా నిలబడి, ఒకసారి ఎగిరి కాళ్లతో కొట్టుకుని, ఒకటి తల తిప్పి పక్కకు వెళ్లిపోతే మీరు కల్పించుకోకండి. వాటిలో ఎవరు పెద్దో తేల్చుకుంటున్నాయి. కోళ్లలో ఈ పై-కింది వరసను 1920ల్లో నార్వేకు చెందిన షెల్డెరప్ ఎబ్బె అనే ఆయన తొలిసారి వివరంగా రాశాడు. చిన్నప్పటి నుంచి ఇంటి కోళ్లను చూస్తూ, ఎవరు ఎవరిని పొడుస్తున్నారో రాసుకుంటూ వచ్చాడట. ఎవరి స్థానం ఏదో తేలితే కొట్లాటలు తగ్గుతాయి. మధ్యలో విడదీస్తే లెక్క తేలక మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాయి.

ఎప్పుడు కల్పించుకోవాలంటే, ఓడినదాన్ని గెలిచింది వదలకుండా మూలకు నెట్టి తల మీద పొడుస్తున్నప్పుడు. జుట్టు చిట్లి రక్తం కారుతున్నప్పుడు. ఏదైనా పుంజు గూటి వెనక దాక్కుని మేతకు రాకపోతే, దాని జుట్టు ఎరుపు తగ్గి పాలిపోతే. రక్తం కనిపిస్తే మిగతా కోళ్లన్నీ, పెట్టలతో సహా, అక్కడే పొడుస్తాయి. అలాంటిదాన్ని వెంటనే తీసి గంప కింద మూయండి. అయితే వేరే గదిలో పెట్టకండి, మిగతావాటికి కనబడేలాగే ఉంచండి. వారం పది రోజులు కంటికి కనబడకుండా పోయి తిరిగొచ్చిన పుంజును మంద కొత్తదానిలాగే చూస్తుంది, మళ్లీ మొదటి నుంచి కొట్లాట.

ఇప్పుడు చేయాల్సిన పని. ఐదు కుర్ర పుంజుల్ని పెట్టల దగ్గర నుంచి తీసేసి, అన్నింటినీ కలిపి ఒక చోట పెట్టండి. బ్యాచిలర్ రూం అనుకోండి. ఆశ్చర్యంగా ఉంటుంది కానీ, పెట్టలు లేని చోట అన్నదమ్ములు చాలావరకు కుదురుగానే ఉంటాయి. మొదట్లో కొంత తోపులాట ఉంటుంది, తర్వాత సద్దుమణుగుతుంది. పెట్టలు వాటికి కనబడకపోతే ఇంకా మంచిది. మధ్యలో ఒక తడికో, గ్రీన్ నెట్టో, పాత ఫ్లెక్సీనో కట్టండి.

ఐదు పుంజులకు ఎనిమిది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు తగ్గకుండా చోటుండాలి. మూడు సెంట్లలో ఒక గోడ వారన అది తేలిగ్గా వస్తుంది. చుట్టూ ఇనుప మెష్, పైన కూడా మెష్ వేయండి. రాత్రి పూట పిల్లులు, ముంగిసలు వస్తాయి. మెష్ అంచు నేలలో జానెడు లోతుకు పాతండి. పడుకోవడానికి వెదురు బొంగులు రెండు, వేరు వేరు చోట్ల, ఒకే ఎత్తులో కట్టండి. ఒకటి పైన, ఒకటి కింద కడితే పైదాని కోసం రోజూ సాయంత్రం కొట్టుకుంటాయి. మేత గిన్నెలు రెండు, నీళ్ల గిన్నెలు రెండు, ఎదురెదురు మూలల్లో. ఒకే గిన్నె పెడితే పెద్దది దాన్ని కాపలా కాస్తుంది, చిన్నవి ఆకలితో ఉంటాయి. మధ్యలో ఒక రేకు ముక్కో, పాత తలుపో ఏటవాలుగా నిలబెట్టండి. ఓడిన పుంజు దాని చాటుకు వెళ్లి కనబడకపోతే తరిమేది కూడా మరిచిపోతుంది. ఖర్చు పెద్దగా ఉండదు కానీ ఈ చాటు చాలా గొడవలు ఆపుతుంది.

వాటిని మార్చడం రాత్రి చేయండి. చీకట్లో కోళ్లకు చూపు ఆనదు, చేతికి తేలిగ్గా వస్తాయి. ఐదింటినీ ఒకే రాత్రి మార్చండి. కొత్త చోట తెల్లారి లేచేసరికి అన్నిటికీ అది కొత్తే కాబట్టి ‘నా చోటు’ అన్న గొడవ తక్కువగా ఉంటుంది.

ఇక్కడ ఒక పెద్ద షరతు ఉంది. మీ పెద్ద పుంజును ఎక్కడ తెచ్చారో రాయలేదు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో నాటుకోడి అని అమ్మే వాటిలో చాలావాటికి అసిల్ రక్తం కలిసి ఉంటుంది. పొడుగు మెడ, బలమైన కాళ్లు, నిటారుగా నిలబడే వాటం, తల మీద బుడిపెలా చిన్న జుట్టు కనబడితే మీవీ అలాంటివే అనుకోండి. పందెం కోసం తరతరాలుగా ఏరి పెంచిన జాతి అది. అలాంటి పుంజులు ఓడినా వెనక్కి తగ్గవు. వాటిని కలిపి ఉంచితే రాత్రికి బాగానే ఉండి పొద్దున్నకు ఒకటి చచ్చిపడి ఉంటుంది. అలాంటివైతే కలపకండి, దేనిది దానికే గూడు. మన ఊళ్లలో కాలికి తాడు కట్టి గూటానికి కడతారు. కట్టాల్సి వస్తే నైలాన్ తాడు వద్దు, మెత్తని నూలు గుడ్డ పట్టీ కట్టి దానికి తాడు ముడేయండి. రోజు మార్చి రోజు కాలు మార్చండి. ఒకదాని తాడు ఇంకోదానికి అందకూడదు. నీడ, నీళ్లు తాడు అందేంత దూరంలోనే ఉండాలి. కట్టేసిన కోడి కుక్క వస్తే పారిపోలేదు కాబట్టి మనిషి లేనప్పుడు కట్టి వదలకండి.

అంత చోటు లేదంటారా, పగటిని పంచండి. పెట్టలు గుడ్లు పెట్టేది ఎక్కువగా ఉదయం, మేసేదీ అప్పుడే. పొద్దున్న నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా పెట్టలు, పెద్ద పుంజు పెరట్లో తిరుగుతాయి, కుర్రవి గంపల కింద ఉంటాయి. మూడు తర్వాత పెట్టల్ని గూటికి తోలి కుర్రవాటిని వదలండి. ఇది శాశ్వతంగా చేయలేరు, నెలో నెలన్నరో నడుస్తుంది. మీకు కావలసిందీ అంతే, సంక్రాంతి అంత దూరంలోనే ఉంది.

మేత గురించి ఒక మాట. మీరు అన్నిటికీ గుడ్ల కోళ్ల దాణా వేస్తున్నామని రాశారు. అందులో కాల్షియం మూడున్నర శాతం పైనే ఉంటుంది. గుడ్డు పెంకు తయారుచేయని పుంజుకు అంత కాల్షియం అక్కర్లేదు, చాలాకాలం తింటే మూత్రపిండాలు పాడవుతాయి. పుంజులకూ, గుడ్లకు రాని పెట్టపిల్లలకూ గ్రోయర్ దాణా (ఎదిగే కోళ్లకు వేసేది) కానీ, మొక్కజొన్న నూక, జొన్నలు, తవుడు, నూనె తీసిన గింజల చెక్క కొంచెం కలిపింది కానీ వేయండి. పెద్ద పెట్టలకు ఆలిచిప్పల పొడి విడిగా గిన్నెలో పెడితే అవసరమున్నవి వచ్చి తింటాయి. పందెం కోళ్లకు పెట్టినట్టు బాదం, జీడిపప్పు, ఉడికించిన గుడ్లు పుంజులకు పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే నవ్వి ఊరుకోండి. ఇప్పుడున్న ఊపే మీకు ఎక్కువైంది.

బాబు సంగతికొస్తాను. కోడి కాలి వెనక ముల్లు ఈ వయసులో ఇంకా బుడిపెలాగే ఉంటుంది, ఏడాది దాటాక పదునెక్కుతుంది. కాబట్టి ఇప్పుడు గీరుకుపోవడం తప్ప పెద్ద గాయం కాకపోవచ్చు. కానీ ఆరేళ్ల పిల్లవాడి మొహం పుంజు ఎగిరే ఎత్తులోనే ఉంటుంది. భయం కంటి గురించి. అందుకని ఇవాళ్టి నుంచి ఆ నల్ల పుంజు బయట ఉన్నప్పుడు బాబు పెరట్లోకి ఒంటరిగా వెళ్లకూడదు. దీనికి సర్దుబాటు లేదు.

అది ఎందుకు దూకుతోందంటే, సాధారణంగా రెండు కారణాలు. పిల్లలు కోళ్లను తరుముతారు, పుంజు ఒకసారి తిరగబడుతుంది, పిల్లవాడు ఏడుస్తూ పరుగెడతాడు. పుంజు లెక్కలో తను గెలిచినట్టు. రెండోసారి అది కారణం లేకుండానే వస్తుంది. ఇంకో కారణం, చిన్నప్పటి నుంచి చేతిలో పెట్టి తినిపించి ముద్దు చేసిన పుంజులు. వాటికి మనుషులంటే బెరుకు ఉండదు, వయసొచ్చాక మనిషిని కూడా ఇంకో పుంజులాగే చూస్తాయి. పెట్టల్ని ముద్దు చేయండి, పుంజుల్ని మాత్రం కాస్త దూరంగా ఉంచండి.

పెద్దవాళ్ల మీదికి వస్తే ఏం చేయాలి? తన్నకండి. కాలితో తన్నితే మీరు కొట్లాటకు ఒప్పుకున్నట్టే దానికి అర్థమవుతుంది, రేపు ఇంకా గట్టిగా వస్తుంది. వెనక్కి తిరిగి పరుగెత్తకండి కూడా. చెప్పులు కాకుండా బూట్లు, మందపాటి ప్యాంటు వేసుకుని వెళ్లండి. అది మెడ ఈకలు విప్పి ఎదురొస్తే నిలబడండి, చేతిలో చీపురో తట్టో అడ్డుపెట్టి, అది పక్కకు తప్పుకునే దాకా నెమ్మదిగా దాని వైపే నడవండి. తల తిప్పి నేల పొడుస్తున్నట్టు నటించిందంటే తగ్గినట్టు. అప్పుడు వదిలేయండి, ఇంక వెంటబడొద్దు. దాన్ని పట్టుకుని, రెక్కలు ఒంటికి ఆనేలా చంకలో పెట్టుకుని, కాళ్లు ఒక చేత్తో పట్టుకుని, మిగతా కోళ్ల మధ్య కాసేపు తిరగడం కొందరు చేస్తారు. దాని కాళ్లు నేలకు ఆనకపోవడం, మిగతావి చూడటం, ఈ రెండూ కలిసి కొన్ని పుంజుల్లో పొగరు దించుతాయి. రోజూ ఒకే మనిషి చేస్తే లాభం లేదు. ఆ మనిషికి మాత్రమే తగ్గి, మిగతా ఇంటివాళ్ల మీదికి వెళ్తుంది.

ఇవన్నీ రెండు మూడు వారాలు చేశాక కూడా బాబును చూస్తే చాలు వచ్చేస్తుంటే ఆ పుంజు మీ ఇంట్లో ఉండొద్దు. కోపం కొంతవరకు వంశంలో వస్తుంది, దాని పిల్లల్ని పెంచితే ఇదే గొడవ మళ్లీ వస్తుంది. పిల్లలున్న ఇంకో ఇంటికి కూడా ఇవ్వకండి, చెప్పకుండా అమ్మకండి. బాబుకు ముల్లు గుచ్చుకుంటే సబ్బుతో బాగా కడిగి, ధనుర్వాతం రాకుండా వేసే ఇంజక్షన్ గురించి డాక్టరును అడగండి. కోడి కాలి కింద ఉండేది పెంటే కదా.

పెట్టల వీపులు. ఈక మొదలు చర్మంలోనే ఉండి పైది విరిగిపోతే, కొత్త ఈక మామూలు ఈకలు రాల్చే కాలం దాకా రాదు. ఈక పూర్తిగా ఊడిపోయిన చోట కొన్ని వారాల్లో మొలుస్తుంది. అందుకే పుంజులు తీసేసినా వీపు వెంటనే నిండలేదని కంగారుపడకండి. చర్మం చిరిగి ఉంటే ఉప్పునీళ్లతో కడిగి, పోవిడోన్ అయొడిన్ కానీ, వేపనూనెలో పసుపు కలిపి కానీ రాయండి. వేపనూనె వాసనకు ఈగలు తగ్గుతాయి. గాయం మీద ఈగ వాలి గుడ్లు పెడితే పురుగులు పడతాయి, రోజూ ఈకలు పక్కకు జరిపి చూడాలి. తగ్గే దాకా వీపుకు చిన్న నూలు గుడ్డ ముక్క, రెక్కల కింద నుంచి లాస్టిక్‌తో తొడగొచ్చు. చలికాలం కాబట్టి ఇప్పుడు ఫర్వాలేదు, ఎండాకాలంలో మాత్రం వద్దు. మీరు ఉంచుకోబోయే పుంజు కాలి గోళ్ల కొసలు కాస్త కత్తిరించి, ఆకురాయితో నున్నగా చేయండి. లోపల రక్తనాళం ఉంటుంది, లోతుగా కత్తిరించొద్దు.

కూతల గురించి మీ పక్కింటివాళ్లకు చెప్పేందుకు ఒక సంగతి. జపాన్‌లో నగోయా యూనివర్సిటీలో యోషిమురా బృందం పుంజుల కూతను పరీక్షించింది. వెలుతురు మారకుండా ఒకేలా ఉంచిన గదిలో కూడా అవి తెల్లవారే వేళకే కూశాయి. వాటి ఒంట్లోనే గడియారం ఉందని 2013లో ప్రచురించారు. 2015లో ఇంకోటి చెప్పారు. మందలో పెద్ద పుంజే ముందు కూస్తుంది, మిగతావి వరసలో తమ వంతు కోసం ఆగి కూస్తాయి. మీ పెరట్లో జరుగుతున్నదీ అదే. ఒకటి కూస్తే ఆరూ వరసగా అందుకుంటాయి. గూడు చుట్టూ గోనెసంచులు కప్పితే వీధిలైటుకు, బండి లైట్లకు ఉలిక్కిపడి అర్ధరాత్రి కూసే కూతలు తగ్గుతాయి. తెల్లవారుజాము కూత మాత్రం పోదు. మెడకు బిగించే పట్టీలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, నేనైతే వాడను. బిగుతైతే గాలి ఆడదు, మెడ కింది మేత సంచి నిండినప్పుడు మరీ ప్రమాదం. మెడ ఎత్తలేనంత చిన్న పెట్టెలో రాత్రి మూసిపెట్టేవాళ్లు ఉన్నారు. మన వైపు మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే, రాత్రిళ్లు కూడా ఉక్కపోతే. అలా మూస్తే పొద్దున్నకు కోడి ఉండదు. పుంజుల సంఖ్య తగ్గించడమే దీనికి మందు. ఈలోగా పక్కింటికి వారానికోసారి అరడజను గుడ్లు పంపితే కూత కొంచెం చిన్నగా వినబడుతుందని నా అనుభవం.

ఏది ఉంచుకోవాలి? చాలామంది రంగు చూస్తారు. డేగా, నెమలా, కాకా అని. పెరటి మందకు రంగు పనికిరాదు. మేత పడ్డప్పుడు తను తినకుండా పెట్టల్ని పిలిచేదేదో చూడండి. గద్ద పైన తిరిగితే పుంజు సన్నగా, సాగదీసి అరుస్తుంది. పిల్లో కుక్కో నేల మీద వస్తే ‘కొక్ కొక్ కొక్’ అని తెగకుండా అరుస్తుంది. రెండిటికీ వేరు వేరు అరుపులు అరిచి, పెట్టలు దాక్కునే దాకా తను దాక్కోని పుంజు ఉంటే అది బంగారం. రెండు పెట్టలు పొడుచుకుంటే మధ్యలోకి నడిచి వెళ్లే పుంజు కూడా అలాంటిదే. ఐదు నెలలకు ఈ గుణాలన్నీ పూర్తిగా బయటపడవు, ఛాయలు మాత్రం తెలుస్తాయి.

కానీ మీ విషయంలో ఇంకో చిక్కుంది. ఈ ఐదూ ఆ నాలుగు పెట్టపిల్లలకు తోబుట్టువులు. పెద్ద పుంజేమో తండ్రి. దగ్గరి రక్తంలో పిల్లలు చేస్తూ పోతే గుడ్లు సరిగ్గా పొదగవు, లేచిన పిల్లలు నీరసంగా ఉంటాయి. ఒకసారికి ఏం కాదు కానీ అలవాటు చేసుకోకూడదు. అందుకని ఐదింటిలో బుద్ధిమంతుడైన ఒకదాన్ని వేరే ఊరి బంధువులెవరికైనా ఇచ్చి, వాళ్ల దగ్గర అదే వయసు పుంజును తెచ్చుకోండి. మార్పిడికి డబ్బుతో పనిలేదు. తెచ్చిన పుంజును మూడు వారాలు మీ మందకు దూరంగా, వేరే గిన్నెలతో ఉంచండి. కొక్కెర తెగులు టీకా పడిందో లేదో అడగండి. లేకపోతే దగ్గరి పశువుల ఆసుపత్రిలో వేయించండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చూశాం కదా, మందకు రోగం తేవడానికి సంతలో కొన్న ఒక్క కోడి చాలు. మూడు వారాలయ్యాక మెష్ అవతల నుంచి కొన్ని రోజులు చూపించి, రాత్రి పూట కలపండి. మీ పెద్ద పుంజుతో మాత్రం కలపొద్దు. అదో, కొత్తదో, రెండిటిలో ఒకటే ఉండాలి.

అసలు పుంజు లేకపోతే గుడ్లు పెట్టవేమోనని చాలామంది అనుకుంటారు. పెట్టకు గుడ్డు పెట్టడానికి పుంజు అక్కర్లేదు, పొదగేసి పిల్లలు చేయడానికే కావాలి. పుంజును తీసేశాక కూడా రెండు వారాల పైగా గుడ్లు పిల్లకు పనికొస్తాయి. కూతలతో పక్కింటి గొడవ మరీ ముదిరితే, పిల్లలు కావలసినప్పుడు మాత్రం ఒక పుంజును ఇంటికి తెచ్చి కొన్నాళ్లుంచుకోవచ్చు. విజయవాడలో డాబా మీద పెంచుకునే కొందరు ఇలాగే చేస్తున్నారు.

మిగతా పుంజులు. సంక్రాంతి ముందు మీ వీధిలోకి బేరగాళ్లు వస్తారు. మంచి ధర చెబుతారు. ఎందుకు కొంటున్నారో కాళ్లు పట్టి చూసే తీరులోనే తెలిసిపోతుంది. కోడిపందేలు 1960 నాటి జంతు క్రూరత్వ నివారణ చట్టం కిందా, 1974 నాటి రాష్ట్ర గేమింగ్ చట్టం కిందా నేరం. అది అందరికీ తెలుసు, పందేలు జరుగుతాయనీ తెలుసు. కత్తి కట్టించడానికి నేను నా కోడిని ఇవ్వను, మీకూ వద్దనే చెబుతాను. కూరకైతే ఐదారు నెలల నాటు పుంజు మాంసం మంచి అదను. ఏడాది దాటితే పీచు కడుతుంది. కనుమకు గారెల్లోకి నాటుకోడి పులుసు కావలసిన ఇళ్లు మీ చుట్టుపక్కలే ఉంటాయి, ప్రాణంతో తూకానికి అమ్మొచ్చు. ఏదైనా మందు వాడి ఉంటే ఎన్ని రోజులాగి కోయాలో డాక్టరును అడిగి అన్ని రోజులూ ఆగండి. పండగ దగ్గరపడుతుంటే రాత్రి గూటికి తాళం వేయడం మరచిపోకండి, ఆ పది రోజులు పిల్లుల కంటే మనుషుల దొంగతనాలు ఎక్కువ.

ముక్కు కొసలు కాల్చడం, పుంజులకు విత్తులు తీయించడం గురించి కూడా అడిగారు. రెండూ వద్దు. మొదటిది ఇంత చిన్న మందకు అనవసరం, రెండోది కడుపు కోసి చేసే ఆపరేషను, ఇంట్లో చేసేది కాదు.

మళ్లీ పొదగేసేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది, లేచిన పిల్లల్లో దాదాపు సగం పుంజులే ఉంటాయి. పది లేస్తే నాలుగైదు పుంజులు. మీకు కావలసింది ఒకటి, అదీ ఏటా కాదు. ఎనిమిది వారాలకు జుట్టు చూసి పుంజుల్ని గుర్తుపట్టి, వాటికి తెల్ల ప్లాస్టిక్ రింగు వేసుకోండి. మూడున్నర నెలలకల్లా విడిగా పెట్టేస్తే పెట్టల వీపు దాకా రాదు. ఆషాఢంలో లేపిన పిల్లలు సంక్రాంతికి సరిగ్గా కూర వయసుకు వస్తాయి కాబట్టి మీ లెక్క ఈ ఏడు అనుకోకుండానే కుదిరింది. వచ్చే ఏడు కూడా అప్పుడే పొదగేయండి.

ముందు ఈ వారాంతంలో మెష్, బొంగులు తెచ్చి గోడ వారన ఆ గూడు కట్టండి. కట్టిన రాత్రే ఐదింటినీ మార్చి, తర్వాతి వారం రోజులు పెట్టపిల్లలు గోడ దిగి మేతకొస్తున్నాయో లేదో చూసి చెప్పండి. వస్తే మిగతావి పండగ దాకా ఆగొచ్చు. పెద్ద పుంజు కూడా వాటిని తరుముతుంటే ఇంకోలా ఆలోచించాలి, అప్పుడు దాని ఫొటో ఒకటి పెట్టండి, కాళ్లు, తల కనబడేలా.